మావయ్య గారి కుడివైపు స్పీకరు

పెళ్ళయిన ఏడేళ్ళలో మా మావయ్య గారు నాతో ఆడిన మాటలు రెండు చేతుల వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను ఆయనతో ఆడినవి మాత్రం లెక్కలేదు. నాగాయలంకలో వాళ్ళింట్లో భోజనాలకి కూర్చున్నప్పుడల్లా అత్తయ్య గారు నా పీట సరిగ్గా ఆయన కుడిపక్కనే వేసేవారు. అల్లుడికి అది మర్యాద అనుకునేవాణ్ణి. కూర్చోగానే పక్కకి తిరిగి, "ఈసారి వేట ఎలా ఉందండీ?" అని అడిగేవాణ్ణి. ఆయన పులుసులో చేపముల్లు తీసుకుంటూ ఉండేవారు. ముళ్ళు అయిపోయేవి, అన్నం అయిపోయేది, మజ్జిగ కూడా అయిపోయేది. నా ప్రశ్న కంచం పక్కన కరివేపాకులా మిగిలిపోయేది.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి మొహమాటం వదులుకుని, "నన్నోసారి మీ పడవలో సముద్రం మీదికి తీసుకెళ్తారా?" అని అడిగాను. దానికీ అంతే. నేను బందరులో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనిచేస్తాను. మా తాత వలలాగినవాడే గానీ, మా నాన్న హయాం నుంచి మేం సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసే బాపతు. ప్యాంటు తడవకుండా బతికేవాడికి పడవెందుకని ఆయన అనుకుని ఉంటారని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఆ జవాబు మీద నాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళు మండుతూనే ఉంది.

తిరిగొచ్చే బస్సులో ప్రతిసారీ మా ఆవిడతో అదే గొడవ.

"మీ నాన్నకి నేనంటే చులకన."

"ఆయన ఎవరితోనూ మాట్లాడరండీ."

"మీ తమ్ముడితో మాట్లాడతారుగా?"

"వాడితో మాట్లాడరు. పోట్లాడతారు."

అది నిజమే. ఆ పోట్లాట పడవ గురించి. మావయ్య గారిది ఫైబరు పడవ. వెనకాల డీజిలు మోటారు, దాని పక్కన చిన్న చెక్క, ఆ చెక్క మీద మావయ్య గారు. ఇరవయ్యేళ్ళుగా ఆ చోట ఇంకెవరూ కూర్చోలేదు. మోటారు తిప్పే ఇనప హ్యాండిలు ఇంటికొచ్చాక కూడా ఆయన మంచం కిందే ఉండేది. అలాంటిది, ఒక శీతాకాలం పొద్దున్న, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మంచులో ఒక పెద్ద మరబోటు కుడివైపు నుంచి హారను కొట్టుకుంటూ వచ్చింది. పడవలో అందరూ విన్నారు. మోటారు దగ్గరున్న ఆయన ఒక్కరే తల తిప్పలేదు. నా బావమరిది కేకలేసి, ఆయన చేతిలోంచి చుక్కాని కర్ర లాక్కుని పడవ తిప్పాడు. మూరెడు దూరంలో తప్పిందట.

"నాన్నకి చెవుడొచ్చింది బావా. ఇంక మోటారు దగ్గర నేను కూర్చుంటాను," అన్నాడు వాడు, తర్వాత మేం వెళ్ళినప్పుడు ఆయన ముందే.

"చెవుడు నాకు కాదు, ఆళ్ళ హారనుకి," అన్నారు మావయ్య గారు.

"మరి ఇంట్లో టీవీ? అందులో మాటలూ వినపడట్లేదంటున్నావుగా?"

"ఇప్పటోళ్ళకి గొంతుల్లేవు. టీవీకి అసలే లేదు. మంచి డబ్బా తెచ్చి పెట్టు, వినపడతాయో లేదో చూద్దాం."

మాటకి మాట పెరిగి చివరికి పందెంలా తేలింది. మంచి సౌండు డబ్బా తేవాలి. అందులో మాటలు ఆయనకి వినపడకపోతే ఆ రోజే ఇనప హ్యాండిలు కొడుకు చేతిలో పెట్టేస్తారు. వినపడితే మాత్రం ఆ ఇంట్లో ఇక ఆయన చెవుల ఊసెత్తకూడదు. మంచులో వచ్చే బోటుకీ హోమ్ థియేటరుకీ సంబంధం ఏంటని ఎవరూ అడగలేదు. మా అత్తవారి వైపు వాళ్ళకి ఒకసారి పంతం పడితే కారణాలు గుర్తుండవు.

బావమరిది గుడివాడ వెళ్ళి రిసీవరూ, ఆరు స్పీకర్లూ, డీవీడీ ప్లేయరూ, ఒక పెద్ద టీవీ కొనుక్కొచ్చాడు. మిగిలినవి బస్సు టాపు మీద కట్టించాడు. రిసీవరు పెట్టెకి మాత్రం కిటికీ పక్క సీటిచ్చి తను గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా నిలబడి వచ్చాడట. తర్వాత నాకు కబురు. "సౌండు మీ సబ్జెక్టే కదా బావా, వచ్చి కాస్త సెట్ చేసి పెట్టండి."

నా సబ్జెక్టు సౌండు కాదు. ల్యాబులో గొట్టంలో నీళ్ళు పోసి, పైన శృతిదండం మోగించి, పిల్లల చేత ఎక్కడ గట్టిగా వినపడిందో రాయించేవాణ్ణి. అంతే నా సౌండు. అయినా, నన్ను లెక్కచెయ్యని ఇంటికి నేను అవసరమయ్యానంటే ఆ రుచే వేరు. టెస్టరు జేబులో పెట్టుకుని, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, మా ఆవిడతో వెళ్ళాను.

డబ్బాతో వచ్చిన పుస్తకం పదకొండు భాషల్లో ఉంది. తెలుగు లేదు. ఇంగ్లీషు భాగం చదివితే మిగతా పది భాషల్లోంచి దాన్ని అనువాదం చేశారేమో అనిపించింది. బొమ్మలో ఒక గది, అందులో ఒక సోఫా, దాని చుట్టూ స్పీకర్లు. ఆ బొమ్మ గీసినవాడికి వాస్తు తెలియదు.

"ఆ పెద్దది అక్కడ పెట్టడానికి వీల్లేదు బాబూ," అన్నారు అత్తయ్య గారు, నేను దడదడ పుట్టించే సబ్ ఊఫరు పెట్టె మోసుకెళ్తుంటే. టీవీ తూర్పు గోడకి ఉంది. బొమ్మ ప్రకారం సబ్ ఊఫరు దాని ఎడమ పక్కన, అంటే ఈశాన్యం మూల రావాలి.

"ఏమండీ?"

"ఈశాన్యంలో బరువా! ఇల్లు ఏమైపోవాలి? నైరుతిలో పెట్టండి, బరువు ఎంతున్నా పర్లేదు."

నైరుతిలో బియ్యం బస్తాలున్నాయి. సబ్ ఊఫరుని వాటి వెనక పెట్టాం. కుడివైపు స్పీకరు ఆగ్నేయంలో వచ్చింది, కరెంటు వస్తువు కాబట్టి ఆవిడ సంతోషించారు. ఎడమది తేలికని ఈశాన్యంలో ఒక పీట మీద అనుమతించారు. వెనకవి రెండూ మాత్రం ఆవిడకి నచ్చలేదు. వెనక నుంచి మాట్లాడటం ఏం పద్ధతి అన్నారు. టీవీ మీద పెట్టిన మధ్య స్పీకరుకి మాత్రం బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు.

బొమ్మ కనపడాలంటే ఎరుపు, పచ్చ, నీలం తీగలు మూడు పెట్టాలి. ఎరుపూ నీలమూ నేనే తారుమారు చేశానని ఒప్పుకోడానికి నాకు అరగంట పట్టింది. ఆ అరగంటా తెర మీద హీరో, హీరోయిన్, విలనూ, విలను కుక్కా అందరూ కృష్ణుడి రంగులో తిరిగారు. అత్తయ్య గారు చెంపలేసుకున్నారు. నేను తీగలు మార్చాక మనుషులు మనుషుల రంగులోకి వచ్చారు గానీ, తెర సాగదీసే సెట్టింగు ఎక్కడో నొక్కుకుపోయి అందరూ అడ్డంగా లావెక్కారు. "ఇప్పుడు బాగున్నారు, తిన్నోళ్ళలా ఉన్నారు," అన్నారు మావయ్య గారు. ఏడేళ్ళలో ఆయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు కాబట్టి వాళ్ళని అలాగే ఉంచేశాను.

తర్వాత సౌండు. రిమోటు మీద ఒక మీట నొక్కితే గదిని హాలుగా, స్టేడియంగా, చర్చిగా మార్చుకోవచ్చు. చర్చిలో పెట్టాను. హీరో ఒక్కమాటంటే నాలుగుసార్లు వినపడింది.

"గుడి లేదా బాబూ?" అన్నారు అత్తయ్య గారు.

పుస్తకం అంతా వెతికాను. లేదు.

ఇంత జరుగుతున్నా మావయ్య గారు గది మధ్యలో కుర్చీలో కూర్చుని, "మాటలు రావట్లేదు," అంటూనే ఉన్నారు. ఆయనకి నచ్చింది ఒక్క సబ్ ఊఫరే. దాని దడదడ నేల మీంచి పాదాల్లోకి పాకితే ముఖం విప్పారేది. "ఇది మనిషిలా మాట్లాడుతోంది. కానీ డీజిల్లో నీళ్ళు కలిసినట్టున్నాయి, చూడండి," అన్నారు.

నాకు పంతం వచ్చింది. పుస్తకంలో ఆటో సెటప్ అని ఒకటుంది. డబ్బాతోపాటు అగ్గిపెట్టెలో పట్టేంత మైకు ఇస్తారు. మనిషి కూర్చునే చోట, చెవి ఎత్తులో ఆ మైకు పెట్టి మీట నొక్కితే, ఒక్కో స్పీకరూ వంతులవారీగా శబ్దం చేస్తుంది. మైకు విని, ఎవరెంత దూరంలో ఉన్నారో, ఎవరి గొంతెంతో లెక్కకట్టి డబ్బా తనే సర్దుకుంటుంది. షరతు ఒక్కటే. ఆ మూడు నిమిషాలూ గది నిశ్శబ్దంగా ఉండాలి.

మొదటి చిక్కు కుర్చీ. "మావయ్య గారూ, మీరు లేస్తే ఆ చోట మైకు పెడతాను," అన్నాను, ఎదురుగా నిలబడి, గట్టిగా.

"నా కుర్చీలో ఇంకోడు వినడమేంటి?" అన్నారు.

చేసేది లేక పడవ తోసే గెడ తెచ్చి, దాని కొసకి మైకు కట్టి, ఆయన ముఖం దగ్గర నిలబెట్టాను. మైకు కనపడగానే ఆయన గొంతు సవరించుకుని, "హలో, హలో. సంఘం సభ్యులందరికీ నమస్కారం," అన్నారు. మత్స్యకారుల సంఘం మీటింగుల్లో తప్ప ఆయన మైకు చూసింది లేదు. తెర మీద ఎర్ర అక్షరాలొచ్చాయి. గదిలో శబ్దం ఎక్కువగా ఉంది, మళ్ళీ ప్రయత్నించండి.

రెండోసారి కాకి. మూడోసారి కుక్కరు విజిలు. నాలుగోసారి వీధి చివర చేపలకి ఐసు పొడి ఆడే మిషను మొదలైంది. ఐదోసారి అన్నీ సద్దుమణిగాయనుకుంటే కరెంటు పోయింది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

కరెంటు వచ్చాక అత్తయ్య గారు కొంగు బిగించి వీధిలోకి వెళ్ళారు. "మా అల్లుడు గారు డబ్బా సెట్ చేస్తున్నారు, కాసేపు ఎవరూ మాట్లాడకండి," అని ఇంటింటికీ చెప్పారు. ఐసు మిషను ఆపించారు. చేపల మోపెడ్ అతన్ని కాలవ అవతలే నిలబెట్టారు. ఇదంతా ఎందుకో తెలుసుకుందామని వీధంతా మా గదిలోకి వచ్చింది. నిశ్శబ్దాన్ని చూడ్డానికి ముప్పై మంది వచ్చారంటే నమ్మండి. గోడలకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి, నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మీట నొక్కాను.

ఎడమ స్పీకరు మొదలుపెట్టింది: "ష్ష్ష్ష్."

"మేం మాట్లాట్టం లేదు నాయనా!" అంది గుమ్మంలో ఉన్న ఒక ముసలమ్మ, చిన్నబుచ్చుకుని.

ఏడోసారి కుదిరింది. ఆ మూడు నిమిషాలూ ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దం అంతకుముందు ఉండి ఉండదు. డబ్బా లెక్కలు వేసి తెర మీద పెట్టింది. సబ్ ఊఫరు పదమూడు మీటర్ల దూరంలో ఉందని తేల్చింది. గది పొడవే ఆరు. దాని లెక్కన సబ్ ఊఫరు పక్కింటి గేదెల పాకలో ఉండాలి. మిగిలిన ఐదూ బాగున్నాయంది. జనం చప్పట్లు కొట్టి, చూడాల్సిందేమీ లేదని అర్థమై వెళ్ళిపోయారు. అసలు పరీక్ష సాయంత్రం అని, అప్పుడు రండి అని బావమరిది అందరికీ చెప్పి పంపించి, తను కాలవ గట్టుకి వెళ్ళాడు.

గదిలో నేనూ మావయ్య గారూ మిగిలాం. ఒకసారి చేత్తో కూడా సరిచూద్దామని స్పీకర్లని ఒక్కొక్కటిగా మోగించాను. ఎడమది.

"వచ్చింది," అన్నారు.

మధ్యది. "వచ్చింది, కొంచెం నీరసంగా."

కుడిది. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నారు. గదంతా హోరెత్తుతోంది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు.

"ఇది మూగది. ఎక్కడో పక్కూళ్ళో గొణుగుతోంది," అన్నారు.

పెంచాను. ఇంకా పెంచాను. అంతకుమించి పెంచడానికి డబ్బా ఒప్పుకోలేదు. తీగలు పీకి మళ్ళీ పెట్టాను. కుడి స్పీకరు తీసి ఎడమవైపు, ఎడమది తీసి కుడివైపు పెట్టాను. మూగది ఎడమకి రాగానే గలగలా మాట్లాడింది. అప్పటిదాకా మాట్లాడింది కుడికి వెళ్ళగానే మూగబోయింది. ఫిజిక్సు చదివినవాణ్ణి కదా, అక్కడికైనా నాకు వెలగాలి. వెలగలేదు. గది గోడల్లో లోపముందని ఒక సిద్ధాంతం కూడా కట్టాను. ఆఖరికి, "ఒక్కసారి కుర్చీ వెనక్కి తిప్పి కూర్చోండి," అన్నాను.

టీవీకి వీపు పెట్టి కూర్చున్నారు. ఆగ్నేయం మూల స్పీకరు ఇప్పుడు ఆయన ఎడమ చెవికి వచ్చింది. మోగించాను.

"ఇప్పుడు బాగుంది. ఏం చేశారు?" అన్నారు సంతోషంగా.

నేనేమీ చెయ్యలేదు. ఈశాన్యంలోది మోగించాను. ఆయన ముఖం ఎదురుచూస్తూ ఉండిపోయింది. గది హోరెత్తుతోంది. కొంతసేపటికి ఆయన నా ముఖం చూశారు. అందులో ఏం కనపడిందో గానీ, మెల్లగా కుడిచెయ్యి ఎత్తి, కుడిచెవి వేలితో మూసుకున్నారు. తీశారు. మళ్ళీ మూశారు. రెండింటికీ తేడా లేదని ఆ ముఖమే చెప్పింది.

ఇరవయ్యేళ్ళుగా మోటారు ఉన్నది ఆ పక్కనే.

"వాడితో చెప్పకండి," అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన చెవి గురించి అనుకునేరు. సగమే. మిగతా సగం నా గురించి. ఏడేళ్ళు నేను ఆ చెవిలో మాట్లాడుతున్నాను. వేట ఎలా ఉందండీ, ఆరోగ్యం ఎలా ఉందండీ, పాపకి అన్నప్రాసనండీ. అవన్నీ బియ్యం బస్తాల వెనక్కి పోయాయి. నేను బస్సులో కూర్చుని ఈ మనిషిని ఎన్నెన్ని తిట్టుకున్నానో.

అత్తయ్య గారు ఎప్పుడొచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపలికి వచ్చి కుర్చీ వంక ఒకసారి చూసి, "యజమాని గది మధ్యలో కూర్చోవడం ఏంటండీ అసలు? నైరుతిలో కూర్చోవాలి," అన్నారు. ఆవిడే కుర్చీ ఎత్తి బియ్యం బస్తాల పక్కన, కుడి గోడకి ఆనించి వేశారు. అక్కడ కూర్చుంటే టీవీ, స్పీకర్లు, మనుషులు, ప్రపంచం అంతా ఎడమ చెవివైపే ఉంటుంది. ఆవిడ ఎడమ పక్కకి వెళ్ళి, "కూర్చోండి," అన్నారు. ఆయన కూర్చున్నారు.

ఆవిడ వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను. "మీకు తెలుసా?"

"తెలియకేం బాబూ. ఏదన్నా చెప్పాలంటే ఎడంపక్కకెళ్ళి చెప్తాను. తిట్టుకోవాలంటే కుడిపక్క నిలబడి తిట్టుకుంటాను. ఎన్నేళ్ళ నుంచో."

"మరి నా పీట కుడిపక్క ఎందుకేసేవారండీ?"

ఆవిడ పొయ్యి వంక చూశారు. "మా నాన్నకీ ఈయనకీ భోజనాల దగ్గర మాటామాటా వచ్చి ఆరేళ్ళు నన్ను పుట్టింటికి పంపలేదు. మామా అల్లుళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు వింటేనే గొడవలు. మీకూ ఆయనకీ ఏడేళ్ళలో ఒక్క మాట తేడా వచ్చిందా?"

రాలేదు. అసలు మాటే రాలేదు.

"మరి పడవ సంగతి?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది. "మంచులో జరిగింది మళ్ళీ జరిగితే?"

ఆవిడ గరిటె పక్కన పెట్టారు. "ఆ రోజు నుంచి ఆయన తిరిగొచ్చేదాకా నేను మంచినీళ్ళు ముట్టట్లేదు బాబూ. ఎడంపక్క చెప్పి చూశాను, ఏడ్చి చూశాను. ఆయన మానాలి. కానీ వీధి మొత్తం ముందు, కొడుకు చేతిలో ఓడిపోయి మానకూడదు. ఆ ఒక్కటీ నేను చూళ్ళేను. ఈ పూటకి మీ డబ్బాని కాస్త ఎడంపక్కకి మొగ్గమనండి."

తప్పని తెలుసు. చేశాను. మధ్య స్పీకరు లేదని డబ్బాకి అబద్ధం చెప్పాను. దాని మాటలు పక్కవాటికి పంచింది. కుడిది పూర్తిగా తగ్గించి ఎడమది తారస్థాయికి తెచ్చాను. గదిని హాలూ కాకుండా, స్టేడియమూ కాకుండా చేశాను. పుస్తకంలో ఎక్కడా లేని గది అది. ఒంటిచెవి మనిషి గది.

సాయంత్రం ముప్పై మందీ మళ్ళీ వచ్చారు. ఈసారి పిల్లలతో సహా వచ్చారు. బావమరిది రిమోటు తీసుకుని, ఒక డైలాగు రాగానే బొమ్మ ఆపి, "ఏమన్నాడు నాన్నా?" అని అడిగాడు.

మావయ్య గారు చెప్పారు. అక్షరం పొల్లుపోలేదు.

ఇంకోటి. అదీ చెప్పారు, నటుడి కంటే బాగా. కోర్టు సీనులో లాయరు గబగబా అన్న ముక్క చెప్పడమే కాకుండా, ఆ లాయరు తప్పు మాట్లాడుతున్నాడని కూడా అన్నారు. జనం ఊగిపోతున్నారు. ఒక ఆడమనిషి గొణిగినట్టు ఏడుస్తూ అన్న మాట నాకే సరిగా తెలియలేదు, ఆయన చెప్పేశారు. తల ఎడమవైపుకి ఒగ్గి, కళ్ళు సగం మూసుకుని వింటున్నారు. మనిషి మొత్తం ఒక చెవైపోయి కూర్చున్నారు.

బావమరిది రిమోటు కింద పెట్టాడు. వాడి ముఖం చూడలేకపోయాను. "సరే నాన్నా," అన్నాడు. "మోటారు నీదే." వీధి మొత్తం చప్పట్లు కొట్టింది. ముసలమ్మ నా దగ్గరికొచ్చి నెత్తి మీద చెయ్యిపెట్టి, పోయిన చెవులు తెప్పించావు నాయనా, నా మోకాళ్ళకేమన్నా సెట్టింగుందా అని అడిగింది. నేను నవ్వలేదు. మంచూ హారనూ తప్ప నాకింకేమీ తోచడం లేదు.

తెల్లవారి ఆయన హ్యాండిలు భుజాన వేసుకుని కాలవ గట్టుకి వెళ్ళగానే నేనూ వెనకాలే వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా మనసులో కూర్చుకున్నాను. పడవ కుడిపక్క గట్టుకి ఆనించి ఉంది. ఆయన ఎక్కి, మోటారు స్టార్టు చేసి, తన చెక్క మీద కూర్చున్నారు. నేను గట్టు మీద, పొడి నేల మీద నిలబడి మొదలుపెట్టాను. "మావయ్య గారూ, నిన్న నేను చేసింది తప్పండీ. డబ్బాలో మోసం చేశాను. మీరు దీని మీద కూర్చోకూడదండీ. మళ్ళీ బోటు వస్తే అది నా పాపమండీ..." చాలాసేపే చెప్పాను.

ఆయన మోటారు వంకే చూస్తున్నారు. కాసేపటికి నన్ను గమనించి ఉలిక్కిపడ్డారు. "ఎంతసేపైందండీ వచ్చి? ఏదో అంటున్నట్టున్నారు. మోటారూ ఇటుపక్కే, మీరూ ఇటుపక్కే."

నేను గట్టు అంచుదాకా జరిగాను.

"నాకో సంగతి చెప్పండి అల్లుడు గారూ," అన్నారు ఆయన, మోటారు మీంచి అరుస్తూ. "నిన్న మీరు కుడిపక్కది ఎడంపక్కకి తెచ్చారు. కుర్చీ నైరుతికి ఎందుకెళ్ళిందో నాకు తెలియదనుకోకండి. బాగుంది. ఇక్కడేం నొక్కాలి? ఆ మొగ దగ్గర కుడివైపు వచ్చేదాన్ని ఎడంపక్కకి తేవాలంటే ఏ మీట?"

తల అడ్డంగా ఊపాను.

ఆయన కూడా తల ఊపారు, నేను చెప్పకముందే తెలిసినట్టు. మోటారు ఆపేశారు. అప్పటికి బావమరిది ఐసుపెట్టె మోసుకుంటూ వచ్చాడు. ఆయన హ్యాండిలు తీసి వాడికి అందించారు. "నేను ఓడిపోలా," అన్నారు. "వీధంతా చూసింది. గెలిచే ఇస్తున్నా. మోటారు కాడ నువ్వు కూర్చో. నేను ముక్కు కాడ కూర్చుంటా. అక్కడ గాలి బాగుంటుంది."

వాడికేం అర్థమైందో, ఎంత అర్థమైందో నేను అడగలేదు. రెండు చేతులతో తీసుకున్నాడు.

ఆయన పడవ ముందుకి నడిచి, ముక్కు దగ్గర కూర్చుని, నావైపు చూశారు. "మీరు పెళ్ళైన కొత్తలో నన్నేదో అడిగారట. నేను పలకలేదట. ఏడేళ్ళ నుంచి మీకు కష్టంగా ఉందని నిన్న రాత్రి అమ్మాయి చెప్పింది, వాళ్ళమ్మ చెప్తే ఇటుపక్కకొచ్చి." ఎడమ చెవి చూపించారు. "మళ్ళీ అడగండి. అక్కణ్ణించి కాదు. ఇటు రండి."

ఎడమపక్క అంతా నీళ్ళు. చెప్పులు గట్టు మీద వదిలి కాలవలోకి దిగాను. అడుగున బురద. పడవ ముక్కు చుట్టూ తిరిగి, ఆయన ఎడమపక్కకి చేరి, ఏడేళ్ళ కిందటి ప్రశ్న మళ్ళీ అడిగాను. గట్టిగా అరవాల్సిన పని లేకపోయింది.

"దానికేం భాగ్యమండీ, ఎక్కండి," అన్నారు, చెయ్యి అందిస్తూ.

ఇస్త్రీ ప్యాంటు నడుం దాకా తడిసిపోయింది.